దుర్యోధనుడి మన్ను

బియ్యం డ్రమ్ము అడుగు తేలిన రోజున మా అమ్మ ఇంకో పని పెట్టుకోదు. డ్రమ్ము కడిగి, తుడిచి, బాల్కనీలో ఎండ పడేచోట బోర్లిస్తుంది. పొద్దు వాలాక లోపలికి తెస్తుంది. కొత్త మూట కుట్టు విప్పే ముందు, పాత నేతచీర పేలికలో చుట్టిన మట్టిబెడ్డ ఒకటి దేవుడి గూట్లోంచి తీసి డ్రమ్ము అడుగున పెడుతుంది. దాని మీద గుప్పెడు వేపాకు, నాలుగు ఎండుమిరపకాయలు, ఆపైన బియ్యం. నాన్న పోయాక అమ్మ బెంగళూరులో నా దగ్గరికి వచ్చి నాలుగేళ్లయింది. ఊరినుంచి తెచ్చుకున్న సామాన్లలో ఆ పేలిక కూడా ఉందని నేను చాలాకాలం గమనించనే లేదు. ఒకసారి నెల మొదట్లో మా అమ్మాయి డ్రమ్ము కడగడానికి సాయం చేస్తూ, "అమ్మమ్మా, ఈ మట్టి పారేసేదా?" అంది. అమ్మ చప్పున దాని చేతిలోంచి లాక్కుంది. "దుర్యోధనుడి మన్ను అది. పారేయకూడదు." పదకొండేళ్ల పిల్ల ఒక్క నిమిషం ఆలోచించి, "దుర్యోధనుడు చెడ్డోడు కదా, మరి మనం తినే బియ్యంలో వాడి మట్టి ఎందుకు?" అంది. అమ్మ దగ్గర జవాబు లేదు. "గాదె నిండుతుంది" అని మాత్రం అని, బియ్యం పోసేసింది. ఆ ప్రశ్న మాత్రం నన్ను పట్టుకుంది. అన్నం వడ్డించుకునేటప్పుడు, రాత్రి దీపం ఆర్పేటప్పుడు, మళ్లీ మళ్లీ అదే. రాముడి గుడి మట్టి కాదు, కృష్ణుడి పాదం సోకిన మట్టీ కాదు. నిండుసభలో ఆడకూతురి చీర లాగమన్నవాడి ఒంటి మన్ను. దాన్ని అన్నం కింద దాచుకునే జనం ఎవరు? ఆ జనంలో నేనూ ఒకదాన్నే కదా, మరి నాకెందుకు ఇన్నాళ్లూ ఆ ప్రశ్న రాలేదు?

మాది పాత చిత్తూరు జిల్లాలో, పుత్తూరు నుంచి నగరి పోయే దారికి కాస్త ఎడంగా ఉండే ఊరు. ఆ పక్కంతా ధర్మరాజుల గుళ్లు. గుడి ధర్మరాజు పేరుమీద ఉన్నా కొలిచేది ద్రౌపదమ్మని. ఎండాకాలంలో పంటలు ఇంటికి చేరాక మా ఊళ్లో "భారతం జరుగుతుంది". ఆ మాట వాడుక అలాగే. భారతం చదువుతారని గానీ ఆడతారని గానీ ఎవరూ అనరు. పెళ్లి జరిగినట్టు, జాతర జరిగినట్టు, భారతం జరుగుతుంది. పద్దెనిమిది రోజులు. జెండా ఎక్కిస్తారు, మొక్కుకున్నవాళ్లు కంకణం కట్టుకుంటారు. పగలు పందిట్లో హరికథ, రాత్రి వీధినాటకం. మధ్యాహ్నం చెవితో విన్న కథ అర్ధరాత్రి కంటికి కనిపించేది. అవ్వ ఒళ్లో నిద్రపోతూ లేస్తూ చూసేవాళ్లం గనక, నాకు ఇప్పటికీ మయసభకీ రాజసూయానికీ మధ్య ఒక కునుకు ఉన్నట్టే గుర్తు. బుజాల మీద కొయ్యతో చేసిన భుజకీర్తులు, అద్దాలు పొదిగిన కిరీటం, ముఖం నిండా అర్దళం పూసుకున్న వేషగాడు తెర తీసి ఒక్క గంతు వేస్తే నేల అదిరేది. అది మాత్రం మాది కాదు. వేషగాళ్లు పక్క ఊరి మేళం, వాళ్లకు ముందే తాంబూలం ఇచ్చి మాట్లాడుకునేవాళ్లు. మేం చూసేవాళ్లం. అయితే కొన్ని రోజులు వచ్చేవి, ఆ రోజుల్లో కథ పందిరి దాటి వీధిలోకి నడిచొచ్చేది. అప్పుడిక చూసేవాడెవడో ఆడేవాడెవడో చెప్పడం కష్టం.

బకాసురుడి రోజు తీసుకోండి. ఏకచక్రపురం వాళ్లు రాక్షసుడికి బండెడు అన్నం పంపాలి. ఆ ఏకచక్రపురం మా ఊరే. భీముడి వేషగాడు ఎద్దులబండి ఎక్కి వీధి వీధీ తిరుగుతాడు, ప్రతి గడప ముందూ బండి ఆగుతుంది. ఒకరు అన్నం ముద్ద, ఒకరు వడలు, ఒకరు అరటిపళ్లు. మా అవ్వ ఆ రోజు కోసం మినప్పప్పు వారం ముందే విడిగా దాచిపెట్టేది. భీముడు ఒకటి కొరికి, మిగతావి వెంటపడే పిల్లలకు విసిరేవాడు. వాడు మన ఇంటి వడ కొరికాడా, ఊరికే విసిరేశాడా అన్నది ఆ సాయంత్రమంతా ఆడవాళ్ల మధ్య నడిచే మాట. అర్జునుడి తపస్సు రోజు ఇంకో రకం. ఊరి బయట మైదానంలో నిలువెత్తు మాను నాటి, మెట్లు కొట్టి, కొసన చిన్న మంచె కడతారు. అర్జునుడు మెట్టుకో పద్యం పాడుతూ పైకెక్కుతాడు. కింద, పిల్లలు కలగని ఆడవాళ్లు తలంటుకుని తడిబట్టలతో మాను చుట్టూ బోర్లా పడుకుని ఉంటారు. పైనుంచి విబూది, పూలు, నిమ్మకాయలు రాలతాయి. పైవాడు పాశుపతం కోసం పాడుతున్నాడు, కింద మనిషి బిడ్డ కోసం మట్టిని కరుచుకుని ఉంది. ఇందులో నటన ఎవరిది? మా పిన్ని ఒకసారి అలా పడుకుంది. ఆమె వీపు మీద పడిన నిమ్మకాయను అవ్వ రెండు చేతులతో తీసిన తీరు నాకు గుర్తుంది. నాటకం చూడటానికి వచ్చిన మనిషి నిమ్మకాయను అలా పట్టుకోదు.

పదిహేడో రోజు రాత్రి మన్ను మోసేది. ఎండిన చెరువులో ముందురోజే మడికట్టి నీళ్లు పెట్టి ఉంచేవాళ్లు, బంకమన్ను నానాలని. చీకటిపడ్డాక ఇంటికొకరు గంప తీసుకుని బయలుదేరాలి. నేను ఆ ఏడాది ఆరో తరగతి. గంప ఎత్తేంత దాన్ని కాను గనక, అమ్మ పాత చీర కొంగులో నాలుగు ముద్దలు వేసి బుజాన కట్టింది. చెరువుకట్ట నుంచి గుడి మైదానం దాకా పెట్రోమాక్స్ లైట్ల వరస, తలమీద గంపలతో నడిచేవాళ్ల నీడలు, ఒకరి వెనక ఒకరు. మన్ను చల్లగా ఉంది. చీరలోంచి నీరు కారి నా వీపంతా తడిసింది. మైదానంలో అప్పటికే సున్నంతో గీత గీసి ఉంది. వెల్లకిలా పడుకున్న మనిషి గీత, ఎంత పెద్దదంటే దగ్గర నిలబడితే అది మనిషని తెలియదు. తల దగ్గర్నుంచి కాళ్ల దాకా నేను నలభై అడుగులు నడిచాను. గంపలు ఒలికే కొద్దీ గీత గుట్టయింది, గుట్ట రొమ్మయింది. ముఖం కుమ్మరాయన తప్ప ఎవరూ ముట్టకూడదు. ఆయన మెట్ల నిచ్చెన పక్కన వేసుకుని, మునివేళ్లతో కనుబొమ్మలు లాగుతున్నాడు, ఒక్కో మీసం నా చేయంత పొడవు. పెద్దవాళ్లు చేతులు, గద. పిల్లలకు ఇచ్చింది కాళ్లు.

నాకు ఎడమకాలి చిటికెనవేలు వచ్చింది. ఒక చిటికెనవేలు మా అవ్వ నీళ్లచెంబంత. అరచేత్తో తట్టి గుండ్రంగా చేశాను. తడి ఎక్కువై జారిపోతుంటే, పక్కన కుడికాలు చేస్తున్న పెద్దపిల్ల ఒకతె ఎండుగడ్డి తుంచి కలపమని చెప్పింది. కలిపాను, నిలబడింది. వేలి కణుపు దగ్గర బొటనవేలితో నొక్కి ముడత పెట్టాను. గోరు ఎలా పెట్టాలో తెలియలేదు. చాలాసేపు కూర్చుని, చివరికి ఒక చిల్లపెంకు దొరికితే, ఎర్రటి నున్నటి వైపు పైకి పెట్టి అద్దాను. పెట్రోమాక్స్ వెలుతురులో అది మెరిసింది. దూరం పోయి చూస్తే అక్కడో వేలుందని కూడా తెలియదు. దగ్గరికొచ్చి చూస్తే అంత చక్కటి వేలు లోకంలో ఇంకోటి లేదు. నా గోళ్లలో మన్ను వారం రోజులు వదల్లేదు.

తెల్లవారి పద్దెనిమిదో రోజు. సున్నం, జాజు, మసి, పసుపు పూసేసరికి దుర్యోధనుడు ఆకాశం వైపు కళ్లు తెరిచి ఉన్నాడు. కుడితొడలో ముంత పెట్టి పూడ్చారు, అందులో పసుపూ సున్నమూ కలిపిన ఎర్రనీళ్లు. ఎన్ని ఊళ్లనుంచి వచ్చారో జనం, చింతచెట్ల మీద కూడా మనుషులే. భీముడి వేషగాడూ దుర్యోధనుడి వేషగాడూ ఆ మట్టి మనిషి చుట్టూ తరుముకున్నారు, రొమ్ము మీదికెక్కి గదలు ఝళిపించుకున్నారు. ఇద్దరి నడుములకూ పంచెలు కట్టి చెరో నలుగురు వెనక్కి లాగి పట్టుకున్నారు, ఆవేశం వస్తే నిజంగా కొట్టుకుంటారని. కృష్ణుడు తొడ చరిచి చూపించాడు. దెబ్బ పడింది. ఎర్రనీళ్లు చిమ్మాయి. అప్పటిదాకా అరిచిన జనం ఒక్కసారిగా మౌనమైపోయారు. ద్రౌపది వేషగాడు వచ్చి ఆ ఎరుపు తలకు రాసుకుని, పదమూడేళ్లుగా విరబోసుకున్న జుట్టు ముడివేసి పూలు పెట్టుకున్నాడు. చుట్టూ ఆడవాళ్లు కొందరు చేతులెత్తి మొక్కారు. ఆ తరువాత గాంధారి వచ్చింది. మట్టి తల పక్కన కూలబడి, రాగం తీసి ఏడ్చింది, నూరుగురు కొడుకులనీ పేర్లు పెట్టి పిలుస్తూ. ద్రౌపదికి మొక్కిన చేతులే కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నాయి. మా అమ్మ వెక్కి వెక్కి ఏడుస్తుంటే నాకు భయం వేసింది. ఎవరి పక్షం మనం? అడగాలనిపించింది, అడగలేదు.

ఏడుపు ఆగీ ఆగకముందే జనం మీదపడ్డారు. ఎవరు ఎక్కడినుంచి ఉరికారో తెలియదు, ఆ మట్టి కొండ కళ్లముందే చేతుల కింద కనిపించకుండా పోయింది. తొడ మన్నుకు ఎక్కువ తోపులాట. నేను కాళ్లవైపు పరుగెత్తాను. నా వేలు నేనే తీసుకుందామని. అందరి కాళ్ల సందుల్లోంచి దూరి వెళ్లేసరికి ఎడమపాదం సగం లేదు. చిటికెనవేలు ఉన్నచోట ఒక గుంట, అందులో ఎవరిదో చెప్పు. చిల్లపెంకు కోసం కూడా వెతికాను. రాత్రి అగ్గిగుండం తొక్కేవాళ్లను చూడకుండా అవ్వ పక్కన పడుకుని ఏడ్చాను. అవ్వ నా తల నిమిరి, "ఏ తల్లో తీసుకుపోయింటుంది మే. నీ వేలు ఎవురి గాదెలోనో చల్లగా ఉంటాది, పడుకో" అంది. ఏ ఊళ్లో, ఎవరి వడ్లలో నా వేలు ఉందో అనుకుంటూ నిద్రపోయాను. ఆ ఊహలో ఏదో సుఖం ఉంది. ఆ సుఖం ఏమిటో చెప్పడానికి నాకు ఇప్పటికీ సరైన మాట దొరకలేదు.

చాలా ఏళ్ల తరువాత ఒక గ్రంథాలయంలో ఆల్ఫ్ హిల్టబైటల్ పుస్తకం కనిపించింది. ద్రౌపది ఆరాధన మీద ఆయన రెండు పెద్ద సంపుటాలు రాశారు, మొదటిది 1988లో, రెండోది 1991లో వచ్చింది. తమిళనాట సెంజి చుట్టుపక్కల ఊళ్లే ఆయన తిరిగిన ప్రాంతంలో ముఖ్యమైనవి. మా ఊరు ఆ పేజీల్లో లేదు, కానీ నేలమీద వెల్లకిలా పడుకున్న దుర్యోధనుడు ఉన్నాడు. మా పక్కవాళ్లకు తమిళం, తెలుగు రెండు భాషలుగా తోచవు, భారతం కూడా అంతే, సరిహద్దు గీతకు అటూ ఇటూ పడుకుని ఉన్నవాడు ఒకడే. ఆ పుస్తకం చదువుతున్నంతసేపూ నా చేతులు నానిన మన్ను కోసం తడుముకున్నాయి. పండితుడికి అది యజ్ఞపశువులా, బలిలా, భూమికి తిరిగి ఇచ్చే నైవేద్యంలా కనిపించవచ్చు, కాదనే చదువు నాకు లేదు. నేను వెతికింది మాత్రం ఇంకోటి. ఆ మన్ను మోసిన పిల్లకు ఏమైంది?

పెద్దబొమ్మ గురించి ఆలోచిస్తూ పోతే ఇంకెక్కడెక్కడికో వెళ్లాను. అమెరికాలో పీటర్ షూమన్ అనే ఆయన 1963లో న్యూయార్క్‌లో బ్రెడ్ అండ్ పప్పెట్ అనే నాటకమండలి మొదలుపెట్టి, 1970లలో వెర్మాంట్ పల్లెకు వెళ్లిపోయారు. అక్కడ గ్లోవర్ అనే ఊరి దగ్గర, గుంటలా ఉన్న గడ్డిమైదానంలో, తాటిచెట్టంత బొమ్మలు నడుస్తాయి. పాత కాగితాలు, జిగురు, కర్రలు, చిరిగిన దుప్పట్లు, అంతే సరుకు. ఒక్కో బొమ్మ కింద పదిమంది ఉంటారు, తలకొకరు, చేతికి ఇద్దరు, బట్ట గాలికి ఎగరకుండా పట్టుకోవడానికి ఇంకొందరు. చాలామంది అంతకుముందు కొద్దిరోజులకే వచ్చిన మామూలు మనుషులు. ఆట తరువాత షూమన్ తానే కాల్చిన రొట్టెకు వెల్లుల్లి పూసి అందరికీ పంచేవారు. ఫొటోల్లో ఆ రొట్టెకోసం చాచిన చేతులు చూసినప్పుడు మా మైదానం గుర్తొచ్చింది. బొమ్మ చిన్నదైతే ఒకడి చేతిలో ఇమిడిపోతుంది, ఆ ఒక్కడి నేర్పే దాని ప్రాణం. అదే బొమ్మ తాటిచెట్టంత అయితే ఒక్కడి నేర్పు చాలదు, పక్కవాడిని పిలవాలి, పిలిచాక వాడి అడుగుతో నీ అడుగు కలపాలి. పెద్దగా చేయడంలో గొప్ప చూపించుకోవడమే ఉందని ఒకప్పుడు అనుకునేదాన్ని. సాయం అడగక తప్పని స్థితిని తెచ్చిపెట్టుకోవడం కూడా అందులో ఉందేమో. అయితే ఆ వెర్మాంట్ మైదానానికి ఏడాదికోసారి వచ్చే జనం వేలకు వేలై, 1998లో పక్కన గుడారాలేసుకున్న చోట ఒక మనిషి కొట్లాటలో చచ్చిపోతే, షూమన్ ఆ పెద్ద సంబరమే ఆపేశారు. ఆ తరువాత చిన్నచిన్న ఆటలే. ఎంతమంది వస్తే అది మనది, ఎంతమంది దాటితే ఎవరిదీ కాకుండా పోతుంది? ఈ లెక్క ఎవరికైనా తెలుసా?

ఇంటి దగ్గరి సంగతికొస్తే తోలుబొమ్మలాట కూడా ఒకప్పుడు ఇలాగే ఊరి చేతుల మీద నిలబడిన ఆట. ధర్మవరం పక్కన నిమ్మలకుంటలో మేకతోలు చదును చేసి, చిల్లులు పొడిచి, రంగులద్ది మనిషంత బొమ్మలు చేస్తారు. దేశంలో ఇంకెక్కడా నీడబొమ్మలు అంత పెద్దవి కావని చెబుతారు. ఆ ఊరి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. పదమూడో శతాబ్దపు పాల్కురికి సోమన పండితారాధ్య చరిత్రలో శ్రీశైలం యాత్రికుల వినోదాల్లో ఈ ఆట ప్రస్తావన ఉంది, అంత పాతది. ఆటగాళ్లు ఊళ్లోకి వస్తే తెరకు తెల్లపంచెలు ఊరే ఇవ్వాలి, దీపాలకు ఆముదం ఊరే పోయాలి, కలపబల్లలు ఎవరి ఇంట్లోంచో రావాలి, వాటిమీద కాళ్లతో తొక్కితేనే యుద్ధం చప్పుడు. వాన పడకపోతే ఊరంతా చందాలేసుకుని వాళ్లను పిలిపించేవాళ్లు. రాముడి నీడ ఎవరి పంచెమీద పడిందో ఆ పంచె తెల్లారి ఉతికి మళ్లీ కట్టుకునేవాళ్లు. ఇప్పుడు నిమ్మలకుంటలో ఎక్కువగా తయారయ్యేవి లాంపుషేడ్లు, గోడబొమ్మలు. మా డ్రాయింగ్ రూములో కూడా ఒకటుంది, మీట నొక్కితే వెలుగుతుంది. ఆ బతుకుతెరువు మంచిదే, ఆ చేతులకు పని దొరకాలి. కానీ ఆ లాంపుషేడు ముందు కూర్చుని నేనిచ్చింది డబ్బు ఒక్కటే అని తోచినప్పుడు గొంతులో ఏదో అడ్డం పడుతుంది.

ఇదంతా రాస్తూ నన్ను నేను నిలదీసుకోవలసిన చోటు ఒకటుంది. ఊరంతా మన్ను మోసిందని రాశాను. ఊరంతా అంటే ఎవరు? చెరువులో మన్ను తవ్వి నీళ్లు కట్టింది ఊరికి దూరంగా ఉన్న పల్లెవాళ్లు. అగ్గిగుండానికి కట్టెలు కొట్టిందీ, పద్దెనిమిది రోజులూ పలకలు వాయించిందీ వాళ్లే. బొమ్మ మీద మాత్రం వాళ్ల చెయ్యి పడకూడదు. నా తరగతిలో నా పక్కబెంచీ పిల్ల ఒకతె ఆ రాత్రి చెరువుకట్ట మీద నిలబడి మమ్మల్ని చూస్తూ ఉంది. పెట్రోమాక్స్ దాటిపోతున్నప్పుడు ఆమె ముఖం కనిపించింది, నేను చెయ్యి ఊపాను, ఆమె ఊపింది. రమ్మని పిలవాలని నాకు తోచలేదు. ఎవరూ వద్దని నాతో అనలేదు. తోచకపోవడమే నేర్పించారు నాకు, అది ఎంత బాగా నేర్చుకున్నానో ఇప్పుడు తెలుస్తోంది. మరునాడు బొమ్మ మీద జనం పడ్డప్పుడు మాత్రం ఆమె నా పక్కనుంచే దోసిలి నిండా మన్నుతో పరుగెత్తింది. ఆ తోపులాటలో ఎవరు ఎవరిని తాకుతున్నారో చూసే తీరిక ఎవరికీ లేదు. కట్టడంలో గీతలు గీసుకున్న ఊరు, పడగొట్టడంలో గీత మరిచిపోయింది. తిరుపతి గంగమ్మ జాతరలో కూడా, చివరి రోజు గుడిముందు నిలిపిన మట్టి విశ్వరూపానికి చెంప నరికాక, ఆ మట్టి కోసం జనం ఇలాగే ఎగబడతారు. ఆ వారమంతా మామూలు మనుషులే ఒళ్లంతా నామకొమ్ము పూసుకునో, బొగ్గు పూసుకునో, మొక్కుకున్న మగవాళ్లు చీర కట్టుకునో వీధుల్లో తిరుగుతారు. ఒకరి వేషంలో ఒకరు ఉన్నప్పుడు, ఒకే మట్టికోసం చేతులు చాచినప్పుడు, ఆ కొద్దిసేపు. ఆ కొద్దిసేపు ఎంత? మిగిలిన ఏడాదికి అది సరిపోతుందా? సరిపోదు. సరిపోనంత మాత్రాన ఆ కొద్దిసేపు అబద్ధం కూడా కాదు. నా చిటికెనవేలు ఆ పిల్ల తీసుకుపోయి ఉంటే బాగుండునని చాలాసార్లు అనుకున్నాను.

కిందటేడు భారతానికి ఊరికి వెళ్లాను, ముప్పై ఏళ్ల తరువాత. అమ్మ మోకాళ్లు సహకరించక రాలేదు. పదిహేడో రోజు సాయంత్రం మైదానం దగ్గరికి వెళ్తే జేసీబీ ఉంది. ట్రాక్టర్లు మన్ను తెచ్చి కుమ్మరిస్తుంటే అది తన తొండంతో గుట్ట తోస్తూ, గంటలోపే దుర్యోధనుడికి నడుమూ కాళ్లూ తెచ్చేసింది. నాకు కళ్లు చెమర్చాయి. పక్కన కుర్చీలో మా మామ ఉన్నాడు, కమిటీలో ఇరవై ఏళ్లుగా ఉన్న మనిషి. "ఇదేం మామా, ఇంటికో గంప మోసేవాళ్లం కదా" అన్నాను. మామ నా వైపు చూడకుండా, "ఎవురుండారు అమ్మణ్ణీ మొయ్యను? పిల్లోళ్లంతా శ్రీసిటీ కంపెనీలకు బస్సెక్కి పోతా ఉండారు. షిఫ్టు అయిపోయి రాత్రి పదకొండుకి దిగుతారు. మేము ముసిలోళ్లం మోస్తే తొడ కూడా కాదు" అన్నాడు. కాసేపాగి, "నువ్వైనా ఎప్పుడొచ్చినావు?" అన్నాడు. నిష్ఠూరంగా అనలేదు, నిజంగానే ఏ ఏడాదో గుర్తుచేసుకుంటూ అడిగాడు. పోగొట్టుకున్నవాళ్లు ఏడవవచ్చు. వదిలేసి వెళ్లినదాన్ని, తిరిగొచ్చి యంత్రాన్ని చూసి ఏడ్చే హక్కు నాకుందా? బొమ్మ లేకుండా పోవడం కన్నా జేసీబీ బొమ్మ నయం అని మా మామ ఏడేళ్ల కిందటే తేల్చుకున్నాడట, డీజిలుకు చందా కూడా ఆయనే ముందు రాశాడట. కమిటీలో పల్లె కుర్రాళ్లు ఎవరైనా ఉన్నారా అని అడిగితే, ఇద్దరున్నారన్నాడు. అడిగితేనే చెప్పాడు.

రాత్రి పదకొండు దాటాక బస్సు దిగినవాళ్లు ఒక్కొక్కరే వచ్చారు, మెడలో కంపెనీ కార్డు అలాగే ఉంది. జేసీబీ చేసిన గుట్టకు వేళ్లు లేవు, చెవులు లేవు. యంత్రానికి అంతవరకే చేతనవును. సెల్‌ఫోన్ల లైటు వేసుకుని, ప్యాంటు మడిచి, వాళ్లు మన్ను తడపడం మొదలుపెట్టారు. కుమ్మరాయన కొడుకు ముఖం దిద్దుతున్నాడు. ఎవరో ఒకబ్బాయి నేను ఊరికే నిలబడి ఉండటం చూసి, "అక్కా, ఆ నీళ్ల బిందె ఇట్లా అందీ" అన్నాడు. అందించాను. మళ్లీ అడిగాడు, మళ్లీ అందించాను. మూడోసారి అడగకముందే చీర ఎగజెక్కి కాళ్ల దగ్గర కూర్చున్నాను. ఈసారి వేలు అడగలేదు, ఎక్కడ పగులు కనిపిస్తే అక్కడ పూసుకుంటూ పోయాను. గడ్డి కలపమని ఒక చిన్నపిల్లకు చెప్పాను. తెల్లవారుజామున చేతులు కడుక్కుంటుంటే, మా అమ్మాయి ప్రశ్న మళ్లీ గుర్తొచ్చింది. చెడ్డవాడి మన్ను ఎందుకు? ఆ మడమ పగులు పూస్తున్నంతసేపూ వాడు చెడ్డవాడని నాకు ఒక్కసారి కూడా స్ఫురించలేదు. మడమ నునుపు రావాలి, అంతే. నా చిన్నప్పుడు వాడి తొడ విరిగినప్పుడు జనం ఎందుకు మౌనమయ్యారో, గాంధారి ఏడుపుకు అమ్మ ఎందుకు ఏడ్చిందో, ఏదో కాస్త అందినట్టు అనిపించింది. రాత్రంతా కళ్లు దిద్ది, మీసం దిద్ది, గోళ్లు పెట్టిన చేతులు పగలు వాణ్ణి చంపమని ఎత్తినప్పుడు, ఆ చేతులకు రెండూ గుర్తుంటాయి.

వధ తరువాత నేను పరుగెత్తలేదు. వెనక నిలబడ్డాను. ఎవరో ముసలామె, మా ఊరామె కాదు, రెండు చేతుల నిండా మన్నుతో వస్తూ నా ఖాళీ చేతులు చూసి ఆగింది. "ఎత్తుకోలేదా మే?" అని, నేను జవాబు చెప్పేలోపే సగం విరిచి నా దోసిట్లో పెట్టి వెళ్లిపోయింది.

దాన్ని చేతిరుమాలులో కట్టుకుని మరునాడు బెంగళూరు బస్సెక్కాను. చిత్తూరు దాటేసరికి మన్ను ఆరి, రుమాలు సందుల్లోంచి పొడిపొడిగా నా ఒళ్లో రాలుతోంది. పక్కసీటులో నా ఈడు ఆమె, పలమనేరు దాకా టికెట్ తీసుకుంది, చాలాసేపటినుంచి ఆ మూట వైపే చూస్తోంది. చివరికి అడిగింది.

"భారతం మన్నా అది?"

అవునన్నాను. ఏ ఊరిదని అడిగింది, చెప్పాను. వాళ్ల ఊళ్లో గుడి జీర్ణోద్ధారణ అని ఈ ఏడాది భారతం పెట్టలేదంది. కాసేపు కిటికీ వైపు చూసింది. తరువాత తన కొంగు చివర విప్పి నా ముందు పరిచి, "చిటికెడు ఇస్తావామ్మా" అంది. నేను రుమాలు విప్పాను. మన్ను గట్టిపడింది, వేళ్లకు విరగలేదు. ఇద్దరం చెరోవైపు పట్టుకుని వంచాం.